తెర మీద ఎవరి వేలు

ఉదయం పిల్లల బస్సులు రాకముందే నేను తరగతి గదికి వచ్చి గోడవారనున్న ఇనుప అల్మారా తలుపు తీస్తాను. ఛార్జింగులో ఉన్న టాబ్లెట్ల నుంచి వెచ్చటి గాలి ముఖానికి తగులుతుంది. వాటి మందపాటి రబ్బరు తొడుగుల వాసన, ముందురోజు ఏ పిల్లో తినే చేత్తో పట్టుకుంటే అంటిన అరటిపండు వాసన ఆ గాలిలో కలిసి ఉంటాయి. బయట రియాద్‌లోని మలాజ్ వీధిలో అప్పటికే ఎండ తెల్లగా కాస్తుంటుంది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ వెచ్చటి వాసన పీల్చిన ప్రతి ఉదయం నాకు షాహీన్ ఆపా గుర్తుకొస్తారు. ఈ గది ఒకప్పుడు ఆమెది. ఇప్పుడు ఈ ఎల్‌కేజీకి నేనే టీచర్ని. మధ్యలో ఏం జరిగిందో చెప్పాలంటే ఆమె గురించే చెప్పాలి.

షాహీన్ ఆపాది కడప. మా బడిలో ఆయాల దగ్గర నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ ఆమెను ఆపా అనే పిలిచేవారు. పొట్టి మనిషి, వయసు యాభై దాటింది. వస్తూనే పైన తొడుక్కున్న నల్లటి అబాయా తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలించి, మెత్తటి చెప్పుల్లోకి మారి, పిల్లల ఎత్తున్న బుల్లి కుర్చీలో కూర్చునేవారు. తరగతిలో ఆమె గొంతు పిల్లల గొంతుల కంటే ఎప్పుడూ చిన్నగానే ఉండేది. అందుకని ఆమె మాట వినాలంటే పిల్లలే తమ గొంతు తగ్గించుకోవాలి. ఇది ఆమె కావాలనే చేసేవారని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

నేను అక్కడ అసిస్టెంటుగా చేరాను. మాది కామారెడ్డి. నా భర్త ఏసీ టెక్నీషియన్. ఇంటర్ తర్వాత నేను కాలేజీకి పోలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయమే నా కాలేజీ. అక్కడి బీరువాలన్నీ వరుసగా చదివేశాను. కథలయ్యాక చరిత్ర, చరిత్రయ్యాక ఆరోగ్యం, ఆ తర్వాత వ్యవసాయం కూడా. డిగ్రీ ఇంటి నుంచే కట్టి పాసయ్యాను. రియాద్ వచ్చాక తెలుగు పుస్తకం కనిపించక దిక్కు తోచలేదు. అయితే ఇక్కడ కుటుంబాలు ఎగ్జిట్ వీసా మీద దేశం విడిచి వెళ్ళిపోతూ సామానంతా పంచి పెడతాయి. గిన్నెలు, మంచాలు ఎవరికి వారు తీసుకుంటే పుస్తకాలు మాత్రం నాకు వచ్చేవి. అలా వచ్చిన పెట్టెల్లో పిల్లల మనస్తత్వం గురించి, బాల్య విద్య గురించి ఇంగ్లిషు పుస్తకాలు కొన్ని దొరికాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ చదివాను. ఆ చదువంటే నాకు గర్వం. ఇప్పటికీ ఉంది.

మొదటిరోజు ఆపా నన్ను అడిగారు. "ఏం చదివినావు మ్మే?"

నేను ఆపకుండా చెప్పాను. ఏ పుస్తకంలో ఏముందో, ఏ వయసులో పిల్లలు ఏం చేస్తారో, అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విని, నా భుజానికున్న సంచి వైపు చూపించారు.

"మంచిది. ఇప్పుడు అవన్నీ ఆ సంచిలో పెట్టు. మధ్యాన్నం ఇంటికి పోయేటప్పుడు తీసుకుపోదువులే."

ఆ రోజు నుంచి నా పేరు లైబ్రరీ. "లైబ్రరీ, ఇట్లా రా మ్మే, ఆ పాప ముక్కు తుడుచు" అనేవారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఎవరైనా నన్ను అసలు పేరుతో పిలిస్తే పరాయిదానిలా అనిపించేది.

ఆ ఏడే బడికి టాబ్లెట్లు వచ్చాయి. ప్రతి పిల్లకూ ఒకటి ఇస్తామని ప్రిన్సిపాల్ ఉత్సాహంగా చెబితే, ఆపా ఇద్దరికి ఒకటి చాలన్నారు. ప్రిన్సిపాల్ ఆశ్చర్యపోయారు. ఎక్కువ కావాలని అడిగే టీచర్లనే ఆయన చూశారు. "ఇద్దరి మధ్యన ఒకటి ఉంటే పిల్లలు మాట్లాడుకుంటారు సార్. ఒక్కొక్కరికి ఒకటి ఇస్తే అదొక్కటే మాట్లాడుతుంది" అన్నారు ఆపా. మిగిలినవి పై తరగతులకు వెళ్ళాయి. వచ్చినవాటిలోనూ ఆమె సగానికి పైగా ఆటలు తీసేయించారు. బొమ్మలు గీసేది, కథ చెబితే విని దాచుకునేది, లెక్కపెట్టే ఆట, కెమెరా, ఇవే ఉంచారు.

తర్వాత ఆమె చేసిన పని చూసి బడి అంతా నవ్వింది. టాబ్లెట్లను అల్మారాలో పెట్టి తాళం వేసి, పిల్లల చేతికి చెక్క ట్రేలు ఇచ్చారు. అల్మారా దగ్గర ట్రే తీసుకోవాలి, రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకోవాలి, ఎవరినీ తగలకుండా బల్ల దాకా రావాలి, మళ్ళీ తీసుకెళ్ళి ఏ అరలోంచి తీశారో ఆ అరలోనే పెట్టాలి. రోజూ ఇదే పని. అందరికీ ఆ నడక వచ్చేదాకా తాళం తీయలేదు. "టాబ్లెట్ వాడకం తెర మీద మొదలు కాదు మ్మే. తెచ్చుకోవడం కాడ మొదలైతాది, తిరిగి పెట్టడం కాడ అయిపోతాది" అనేవారు. కానీ పిల్లలు ఇంటికెళ్ళి ట్రేలు మోశామని చెబితే తల్లిదండ్రులు ఊరుకుంటారా? గంగాధర్ అనే తండ్రి గేటు దగ్గర ఆపాను నిలదీశాడు.

"మేడం, టాబ్లెట్లు వచ్చినయని మెసేజ్ పంపిన్రు. మా బిడ్డేమో ట్రేలు మోస్తున్నది. హోటల్ల సర్వర్ పని నేర్పుతున్నరా ఏంది?"

"నేర్పుతాండాం భాయ్. ముందు చాయ్ తేవడం వచ్చిందనుకో, తర్వాత బిర్యానీకి పెడతాం" అన్నారు ఆపా.

అతనికి నవ్వు వచ్చింది కానీ బెంగ పోలేదు. గంగాధర్‌ది జగిత్యాల పక్క పల్లె. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. అతని బెంగకు కారణం ఉంది. కూతురు సహస్ర బడిలో చేరి నెలలు గడిచినా అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఒక్కటే కాదు, ట్రే మోయడం తప్ప ఏ పనీ తన చేత్తో చేసేది కాదు. టిఫిన్ డబ్బా తెరవాలంటే పక్కనున్న పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని డబ్బా మూత మీద పెట్టేది. సంచి జిప్పు లాగాలన్నా అంతే. టాబ్లెట్లు చేతికి వచ్చాక నేను ఆ దృశ్యం రోజూ చూశాను. తెర మీద చేపలుంటాయి, వాటిని లెక్కపెట్టి బుట్టలో వేయాలి. సహస్ర నా చూపుడువేలు తన గుప్పిట్లో పట్టుకుని, ఆ వేలితో చేపను తాకించేది. నా వేలు ఆమెకొక పుల్లలాంటిది. నా వేలు వెళ్ళిన చోటికి చేప కూడా వెళ్ళేది. నేను కాస్త సాయం పట్టేదాన్ని. జవాబు సరిగ్గా వచ్చేది, తెర మీద నక్షత్రాలు మెరిసేవి, నాకు సంతోషంగా ఉండేది.

మా సూపర్‌వైజర్ మేడం లక్నో ఆవిడ. కఠినురాలేం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. ఆమె గంగాధర్‌నీ అతని భార్య స్వప్ననూ పిలిచి చెప్పారు. టర్మ్ చివర తాను వచ్చి తరగతిలో కూర్చుంటానని, సహస్ర పెద్దవాళ్ళ సాయం లేకుండా ఒక్క పనైనా మొదలుపెట్టి ముగిస్తే యూకేజీకి పంపుతానని, లేకపోతే ఇలాంటి పిల్లలను ప్రత్యేకంగా చూసే చోటు వెతుక్కోవడం మంచిదని. ఆ మాటలు హిందీలో విన్న స్వప్న బయటికొచ్చి వరండాలో కూలబడిపోయింది. రియాద్‌లో మన భాష వచ్చినవాళ్ళు ఉండే అలాంటి చోటు వాళ్ళకు దొరకదు. ఇక్కడ బడి లేదంటే తల్లీకూతుళ్ళు ఊరికి పోవలసిందే.

"ఇగ నాకూ దీనికీ ఎగ్జిట్ కొట్టిపిస్తడు ఆపా" అంది స్వప్న. "మేం ఆడ, ఈయన ఈడ. సెలవు దొరికినప్పుడు అచ్చిపోయే చుట్టమైతడు బిడ్డకు."

ఆపా ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు. ముందు చెవుల డాక్టరుకు చూపించమన్నారు. చూపించారు, వినికిడి బాగానే ఉంది. ఆ తర్వాత ఒక శనివారం సాయంత్రం నన్ను వెంటపెట్టుకుని వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళారు. మలాజ్‌లో మా ఇళ్ళలాగే అదీ రెండు గదులు, కిటికీకి మందపాటి తెర. స్వప్న మాకు చాయ్ ఇచ్చింది. ఇస్తూనే సహస్ర నోట్లో బిస్కెట్ పెట్టింది, మూతి తుడిచింది, ఫోనులో బొమ్మలు ఆగిపోతే మళ్ళీ పెట్టింది. పిల్ల నోరు తెరిచి అడగవలసిన అవసరం ఏదీ రాలేదు. అడగబోయే ముందే అన్నీ అందుతున్నాయి.

"అన్నీ నువ్వే చేస్తాండావు గదా తల్లీ" అన్నారు ఆపా మెల్లగా.

"చిన్నపిల్ల గద ఆపా." స్వప్న పిల్ల జుట్టు సర్దుతూ మళ్ళీ అంది. "పొద్దంత ఇంట్ల మేమిద్దరమే. ఆయన పోతే మళ్ల మాపటికే అచ్చుడు. దాని పని నేన్ జెయ్యకుంటే నాకు ఇంకేం పని ఉన్నది చెప్పుర్రి?"

  ఆపా చాయ్ తాగడం ముగించారు. లేచేటప్పుడు, "రేప్పొద్దున బడికి వచ్చేటప్పుడు బూట్లు దాన్నే వేసుకోనీ. ఎంతసేపైనా కానీ. లిఫ్టు పోతే ఇంకోటి వస్తాది. ఆ కాసేపు చూస్తా కూర్చో, అదే నీ పని. చేసేదాని కంటే కష్టం, చూసుకో" అన్నారు. స్వప్న తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు.

ఆ వారం నుంచి తరగతిలో ఆపా పద్ధతి మార్చారు. సహస్ర తన చెయ్యి కోసం వస్తే రెండు చేతులూ చున్నీ కింద దాచుకునేవారు. చిరాకు పడరు, జరిగి కూర్చోరు, ముఖం తిప్పుకోరు. అక్కడే ఉంటారు, చేతులు మాత్రం ఇవ్వరు. సహస్ర ఏడ్చేది. చున్నీ లాగేది. ఆపా దగ్గర లాభం లేదని తెలిసి నా దగ్గరికి వచ్చేది. నేను ఒకరోజు తట్టుకోలేక వేలు ఇవ్వబోయాను.

"ఆగు మ్మే" అన్నారు ఆపా. పిల్లలు ఆడుకోవడానికి బయటికి వెళ్ళాక నన్ను కూర్చోబెట్టారు. "నువ్వు వేలిచ్చినావనుకో. ఆ పాప నేర్చుకునేది ఏంది?"

"లెక్క నేర్చుకుంటది ఆపా. చూసి చూసి ఒకరోజు తనే చేస్తది. పుస్తకంల కూడా ఉంది, మొదట పెద్దవాళ్ళు ఆసరా ఇయ్యాలని."

"ఆసరా ఇయ్యాలనే ఉంది. నువ్విచ్చేది ఆసరా కాదు, చెయ్యి. ఆ పాప నేర్చుకునేది లెక్క కాదు లైబ్రరీ, నువ్వుండావని. అది మాత్రం బాగా నేర్చుకుంది." ఆమె నవ్వి, అంతకుముందెప్పుడూ అడగని మాట అడిగారు. "మీ ఊర్లో ఆ పుస్తకాలన్నీ నీకు ఎవరు చదివి పెట్టినారు?"

"ఎవరూ చదివి పెట్టలే. నేనే చదువుకున్న."

"అర్థం కానివి?"

"పక్కన పెట్టి ఇంకోటి తీసుకునేదాన్ని. మళ్ళా కొన్ని రోజులకు దాని దగ్గరికే పోయేదాన్ని."

"లైబ్రరీ ఆయన వచ్చి చెప్పలేదా?"

"ఆయన తన బల్ల కాడ పేపర్ చదువుకునేటోడు. నన్ను ఏం చదువుతున్నవని కూడా అడగకపోతుండె."

"చూసినావా. నీకు అంత మంచి బడి దొరికింది. మరి ఈ పాపకు నువ్వెందుకు చదివి పెడతాండావు?"

ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. నా సొంత చదువును నేను అదృష్టంగా, మొండితనంగా, ఒక్కోసారి గొప్పగా లెక్కేసుకున్నాను. అదొక పద్ధతి అని, ఎవరో ఒకరు నన్ను నా మానాన వదిలెయ్యడం వల్ల అది జరిగిందని అంతకుముందు నాకు తోచలేదు. ఆ గ్రంథాలయం ఆయనకు నా మీద శ్రద్ధ లేదనుకునేదాన్ని. బీరువాల తాళాలు తీసి ఉంచడం కూడా ఒక శ్రద్ధే. నా చదువు విలువ నాకు చూపించింది ఆపానే. సంచిలో పెట్టమన్న పుస్తకాలను ఆ రోజు ఆమే బయటికి తీసి నా చేతిలో పెట్టినట్టయింది.

సూపర్‌వైజర్ మేడం రావలసిన రోజుకు ముందురోజు తల్లిదండ్రులను తరగతికి ఆహ్వానించారు. పిల్లలు టాబ్లెట్లు ఎలా వాడుతున్నారో చూపించాలని. తండ్రులు కూడా వచ్చి పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. చూడటానికే పిలిచామని ఆపా మొదటే చెప్పారు. కాసేపటికే ఒకాయన వేలు ముందుకు వచ్చింది, తర్వాత ఇంకొకాయనది. లెక్కల ఆటలో ఒక్కో పిల్లకు ఒక్కో బొమ్మ గుర్తు ఉంటుంది. సహస్రది పుచ్చకాయ. ఆ బొమ్మ నొక్కి ఆడినవన్నీ ఆ పిల్ల ఖాతాలోకే పోతాయి. సరైన జవాబులు వరుసగా వస్తే ఆట తనంతట తానే కష్టమైనవి ఇస్తుంది. గంగాధర్ ఈ సంగతి కనిపెట్టాడు. రేపు మేడం వచ్చేసరికి కూతురి ఆట పై మెట్టులో ఉంటే మంచిదని అనుకున్నాడు. నేను అవతలి బల్ల దగ్గర ఉండగా పుచ్చకాయ నొక్కి వంచిన తల ఎత్తకుండా ఆడాడు. సహస్ర పక్కన నిలబడి చూస్తూ ఉంది.

మర్నాడు ఉదయం సూపర్‌వైజర్ మేడం గది వెనక కుర్చీలో కూర్చున్నారు. సహస్ర ట్రే నడకతోనే అల్మారా నుంచి టాబ్లెట్ తెచ్చుకుంది. అంతవరకు బాగానే ఉంది. పుచ్చకాయ నొక్కింది. చేపలకు బదులు తీసివేత లెక్క వచ్చింది, రెండంకెలది. ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది.  సహస్ర తెర వంక చూసింది. తర్వాత ఆపా వైపు చెయ్యి చాపింది. ఆపా చేతులు చున్నీ కింద ఉన్నాయి. నా వైపు చూసింది. నేను నా చేతులు వెనక్కి పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను. మేడం కలం తీశారు.  ఏడుస్తుందనుకున్నాను.

సహస్ర ఏడవలేదు. కనుబొమలు ముడిచి, ఆ తెరను మేడం వైపు తిప్పి చూపిస్తూ, గదిలో అందరికీ వినబడేలా చెప్పింది.

"ఇది నాది గాదు. మా బాపు ఆడిండు."

ఆ బడిలో ఆమె మొదటి మాట అది. తండ్రి మీద ఫిర్యాదు. మేడం నా వైపు తిరిగి, "వాట్ డిడ్ షీ సే?" అన్నారు. చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. ఆపా కళ్ళతోనే వద్దన్నారు. ఈలోగా సహస్ర వెనక్కి వెళ్ళే బాణం తన వేలితో నొక్కి ఆట మూసేసింది. టాబ్లెట్‌ను పొట్టకు ఆనించుకుని లేచి, పక్క బల్ల దగ్గరున్న జోహా పక్కన కూర్చుంది. జోహాకు తెలుగు రాదు.

"నీది ఆడుదమా?" అంది సహస్ర.

జోహా ఏం అర్థం చేసుకుందో, జరిగి చోటిచ్చింది. తన గుర్తైన గొడుగు బొమ్మ నొక్కింది. చేపలు వచ్చాయి. ఒక చేప జోహా వేసింది, ఒక చేప సహస్ర వేసింది. జోహా ఇంగ్లిషులో లెక్కపెడుతుంటే సహస్ర పెదవులు కదిలాయి. తర్వాత గొంతు కూడా వచ్చింది. బుట్ట నిండాక సహస్ర టాబ్లెట్‌ను తీసుకెళ్ళి దాని అరలో పెట్టి, అల్మారా తలుపు మూసింది. మేడం కలం మూత పెట్టేశారు. అప్పుడు ఆపా నాకు సైగ చేశారు, ఆ పిల్ల ఏమందో ఇక చెప్పమని. చెప్పాను. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు.

మధ్యాహ్నం గేటు దగ్గర గంగాధర్ కంగారుగా ఎదురుచూస్తున్నాడు.

"మేడం, నేన్ నిన్న దానిది పై లెవల్ దాక తీస్కపోయిన. ఎట్ల జేసింది?"

"నీ లెవల్ చాలా బాగుంది భాయ్" అన్నారు ఆపా. "యూకేజీలో ఇద్దరికీ సీటుంది. నీ బూట్లు నువ్వే వేసుకుని రావాల, అంతే."

పక్కన స్వప్న ముఖం కొంగులో దాచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. సహస్ర మాత్రం ఇద్దరినీ పట్టించుకోకుండా తన సంచి జిప్పు తనే లాక్కుంటోంది. జిప్పు మధ్యలో ఇరుక్కుంది. అందరం ఆగాం. ఆ ఎండలో నలుగురు పెద్దవాళ్ళం ఒక జిప్పు కోసం ఆగడం చూసి వాచ్‌మన్‌కు వింతగా తోచి ఉంటుంది.

మరో రెండేళ్ళకు ఆపా భర్తకు పని ముగిసింది. ఇక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా మళ్ళీ చేయించలేదు, కుటుంబమంతా ఫైనల్ ఎగ్జిట్ మీద కడపకు వెళ్ళిపోయారు. అప్పటికే ఆమె పట్టుబట్టి నాతో టీచర్ శిక్షణ పూర్తి చేయించారు. తన తరగతి నాకే ఇవ్వమని సూపర్‌వైజర్ మేడంతో మాట్లాడింది కూడా ఆమే. "ఆ అమ్మాయి చదువుకుంది, ఆగడం కూడా వచ్చింది" అన్నారట. నా జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్లన్నిటిలో నేను ఎక్కువ దాచుకునేది ఎవరో చెప్పగా విన్న ఆ ఒక్క మాటే. వెళ్ళే ముందు ఆమెను అడిగాను.

"ఎంతసేపు ఆగాలో నాకెట్ల తెలుస్తది ఆపా?"

"నీ చెయ్యి దురద పెడతాది చూడు. పెట్టినాక ఇంకొంచెం సేపు" అన్నారు.

సహస్ర ఇప్పుడు మూడో తరగతి. వాళ్ళ కుటుంబం ఇంకా మలాజ్‌లోనే ఉంది. తరగతిలో నోరు మూయదని ఆమె టీచరు నాకు ఫిర్యాదు చేస్తుంటుంది. ఆ సంగతి ఫోనులో చెబితే ఆపా నవ్వారు. ఆ తర్వాత నేను అసలు ఫోను చేసిన పని చెప్పాను. ఈ ఏడు నా తరగతిలో ఒక పిల్ల ఉంది. ఆమెను పై తరగతికి పంపాలా వద్దా అని సూపర్‌వైజర్ మేడం ఈసారి నన్ను అడిగారు. నా మాట మీద ఒక ఇల్లు ఇక్కడ ఉంటుందో విడిపోతుందో ఆధారపడి ఉంది. ఆ పిల్ల ఏం చేస్తుందో, ఏం చేయదో అంతా చెప్పి, "మీరైతే ఏం చేస్తరు ఆపా?" అన్నాను.

అవతల నుంచి శబ్దం లేదు. కాసేపు చూశాను. లైను తెగిపోయిందేమోనని "హలో" అన్నాను.

"ఉండా. చెప్పు" అన్నారు ఆపా.

నేను మళ్ళీ మొదలుపెట్టాను. చెప్పుకుంటూ పోయాను. మాటల మధ్యలో ఎక్కడో, ఆ పిల్లకు ఇంకొంత సమయం ఇమ్మని మేడంను అడగబోతున్నట్టు నా నోటి నుంచే నేను విన్నాను.